మావుళ్ళు పేనిన తాడు

అనగా అనగా, గోదారి ఇప్పటికంటే ఒక కోసు అవతలగా పారే కాలంలో, కొబ్బరితోటల నడుమ ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో మావుళ్ళు అని ఒకడు ఉండేవాడు. గానుగ తోలడం తప్ప వాడికి వేరే పని తెలీదు. వాడి పెళ్ళాం లోవమ్మ. లోవమ్మ నవ్వితే చాలు, అన్నం లేని పూట కూడా వాడికి కడుపు నిండినట్టుండేది.

ఒకనాడు గానుగ రోకలి విరిగింది. "ముసలి గానుగ, ఇంకెందుకులే," అని గానుగ ఆసామి దాన్ని పొయ్యిలో పెట్టేశాడు. మావుళ్ళు పని కూడా ఆ పొయ్యిలోనే కాలిపోయింది.

మర్నాడే వాడు పని వెతుక్కుంటూ బయలుదేరాడు. నడిచాడు, నడిచాడు, పొద్దు నడినెత్తికొచ్చేదాకా నడిచాడు. పడవలు కట్టే మేస్త్రి దగ్గరికి చేరాడు.

"పనేదైనా ఉందాండి?"

"లేదు."

మావుళ్ళు వెనక్కి తిరిగాడు. ఉత్త చేతుల్తో లోవమ్మ ముందు ఎలా నిలబడడం? పడవ సందుల్లో కూరడానికి పోసిన కొబ్బరిపీచు కుప్ప కనబడింది.

"పని లేకపోతే పోనీండి. గుప్పెడు పీచు ఇప్పించండి," అన్నాడు.

మేస్త్రి నవ్వి ఇచ్చాడు. దారి పొడుగునా దాన్ని పేనుకుంటూ ఇంటికొచ్చాడు.

గుమ్మంలో లోవమ్మ. "దొరికిందా?" అని అడగబోయింది. వాడి మొహం చూసి ఆ మాట మింగేసింది. తాడు అందుకుని తన మోచేత్తో కొలిచింది.

"రెండు మూరలు! ఇవాళ రెండు మూరలు నడిచావు మావా," అంది.

తర్వాత బెల్లం వండే ఆసామి దగ్గరికి వెళ్ళాడు. ఆయన "రేపు రా" అన్నాడు. రేపు వెళితే మళ్ళీ రేపన్నాడు. మూడో రేపు కూడా అదే మాట.

"రేపటి పని రేపే ఇద్దురుగాని. ఇవాళ్టికి గుప్పెడు పీచు ఇప్పించండి," అన్నాడు మావుళ్ళు.

ఆ తర్వాత ఉప్పుమడుల కామందు.

"ఇదివరకు ఉప్పు పని చేశావేంట్రా?"

"లేదండి."

"చెయ్యనోడికి పనెలా ఇస్తాం?"

"ఇవ్వకపోతే ఎలా చేస్తానండి?"

కామందు పని ఇవ్వలేదు. పీచు మాత్రం రెండు గుప్పెళ్ళు ఇచ్చాడు.

అలా లేదన్న ప్రతిచోటా గుప్పెడు పీచు అడుగుతూ మూడూళ్ళు తిరిగేసరికి ఏడాది గడిచింది. పొద్దువాలే వేళ మొగుడూ పెళ్ళాం చెరో కొసా పట్టుకుని తాడుకి మూడు పేటలు వేసేవారు. తాడు మధ్యలో ఉన్నా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నట్టే ఉండేది. చివరికి తాడు ఇంటి చుట్టూ మూడు చుట్లు వచ్చింది.

ఒక్కరోజు మాత్రం మావుళ్ళు ఏ గుమ్మమూ ఎక్కలేదు. కాలవ గట్టున కూలబడి ఉత్త చేతుల్తో తిరిగొచ్చాడు. లోవమ్మ తన చీర చెంగు చింపి, పేని, తాడుకి కలిపింది. "ఇవాళ్టి మూర నాది," అంది.

మర్నాడు కోడి కూయకముందే వాడు లేచాడు.

లోవమ్మ అన్న దుర్గయ్యకి ఇదంతా గిట్టలేదు. "తాడూ బొంగరం లేనోడికి చెల్లెల్నిచ్చాను," అని రచ్చకెక్కాడు.

"తాడుంది బావా, బొంగరమే లేదు," అన్నాడు మావుళ్ళు.

"ఎగతాళా? గోదారికి ఎర్రనీళ్ళొచ్చేలోగా పని చూసుకో. లేదంటే లోవని మా ఊరు తీసుకుపోతాను."

వరదతో ఎర్రనీళ్ళు రానే వచ్చాయి. పని రాలేదు. అన్న మాట కాదనలేక లోవమ్మ ఏడుస్తూ అతని వెంట బల్లకట్టు ఎక్కింది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి కట్టిన తాడు పట్టుకుని లాగుతుంటే సాగే బల్లకట్టు అది. మావుళ్ళు తన తాడు చుట్ట భుజాన వేసుకొచ్చాడు. లోవ కొలిచిన తాడు, లోవకే ఇచ్చేద్దామని. అప్పటికే బల్లకట్టు కదిలిపోయింది.

నడిగోదారిలో రేవు తాడు ఫట్టుమని తెగింది!

బల్లకట్టు గిర్రున తిరిగి, ఈ గట్టు వారగా కిందికి కొట్టుకుపోసాగింది. మావుళ్ళు గట్టు వెంట పరిగెత్తాడు, పరిగెత్తాడు, బల్లకట్టుని దాటేదాకా పరిగెత్తాడు. ఒక కొస తాటిచెట్టుకి కట్టాడు. రెండో కొసకి ఎండు కొబ్బరికాయ కట్టి విసిరాడు. మొదటిసారి అందలేదు. రెండోసారి అందలేదు. మూడోసారి కాయ తేలుతూ తేలుతూ దుర్గయ్య చేతికి చిక్కింది. అతను ఆ కొసని బల్లకట్టుకి కట్టేశాడు.

తాడు బిగిసింది. కిర్రుమంది. తెగలేదు. బల్లకట్టు మెల్లగా ఒడ్డుకొచ్చింది.

రేవు పెద్ద ఉరుక్కుంటూ వచ్చాడు. "ఎవర్రా ఈ తాడు పేనింది?"

"మూడూళ్ళవాళ్ళూ పేనారండి. లేదన్న ప్రతి ఇల్లూ ఇంత పీచేసింది."

"మరి నా రేవులో తాళ్ళ పని చేస్తావా?"

మావుళ్ళు అలవాటుగా చేతులు కట్టుకుని, "పోనీండి, గుప్పెడు పీచు ఇప్పించండి," అన్నాడు.

బల్లకట్టు మీంచి లోవమ్మ కేకేసింది. "ఓ మావా! ఉందంటున్నారు!"

దుర్గయ్యతో సహా అందరూ ఘొల్లున నవ్వారు. నవ్వుతూనే మావుళ్ళు ఏడ్చాడు.

బతికినన్నాళ్ళూ వాడు ఆ రేవుకి తాళ్ళు పేనాడు. మళ్ళీ ఏ తాడూ తెగలేదు. వాడు పోయిననాడు మూడూళ్ళవాళ్ళూ తలో గుప్పెడు పీచూ తెచ్చి రేవు గుంజ దగ్గర పెట్టారు.

ఇప్పటికీ అది మావుళ్ళు రేవే. పని వెతకబోయేవాళ్ళు ఆ గుంజకి ఒక పీచుపోగు చుట్టి మరీ వెళతారు. సాయంత్రం ఇంటికొచ్చినవాణ్ణి ఆ ఊళ్ళో ఎవరూ "దొరికిందా?" అని అడగరు. కాళ్ళకి నీళ్ళిచ్చి, "ఇవాళ ఎన్ని మూరలైంది?" అని అడుగుతారు.