గత్తరమ్మ బండి

అనగనగనగా, మూడు ఊళ్ళ మధ్యన ఇరుక్కున్న ఒక ఊరు. ఆ ఊళ్ళో మౌనాచారి అని ఒక వడ్రంగి ఉండేవాడు. ఊ కొట్టు మరి, గోడకి చెబుతున్నానా నేను?

ఒక ఏడు ఆ ఊరికి గత్తర, అదే కలరా, వచ్చింది. పొద్దున చద్దన్నం తిన్న మనిషి సాయంత్రానికి లేకుండా పోయేవాడు. జనం బెంబేలెత్తిపోయారు. అప్పుడు పెద్దలు మౌనాచారి చేత చిన్న చెక్కబండి ఒకటి చేయించారు. దానికి పసుపు పూసి, వేపమండలు కట్టి, ఆ రోగం తెచ్చే దేవత గత్తరమ్మ అందులో ఎక్కి కూర్చుందనుకున్నారు. బండిని పొలిమేర దాటిస్తే రోగం కూడా దాటిపోతుందని వాళ్ళ నమ్మకం.

బండిని తూర్పు ఊరి పొలాల్లో వదిలేసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశారు. ఆ తర్వాత తూర్పు ఊరివాళ్ళు దాన్ని దక్షిణం ఊరికి తోశారు. ఆ తర్వాత దక్షిణం వాళ్ళు మాత్రం ఊరుకుంటారా? తెచ్చి మళ్ళీ మౌనాచారి ఊళ్ళోనే వదిలారు! నవ్వకు, భయం అంత పనీ చేయిస్తుంది.

అప్పుడు పెత్తందారు రత్తయ్య, "ఇక పడమటి ఊరే మిగిలింది. ఆచారీ, తోసుకెళ్ళు" అన్నాడు.

మౌనాచారి కూతురు కామాక్షి అత్తవారిల్లు ఆ పడమటి ఊళ్ళోనే. పిల్ల నిండు చూలాలు.

"నేను తోయనయ్యా. అక్కడ నా బిడ్డ ఉంది."

"మరి మన ఊరు ఏమైపోవాలి?"

"ఎవరి బిడ్డా లేని ఊరేదో చెప్పండి. అక్కడికి తోసొస్తాను."

రత్తయ్య చెల్లెల్ని ఇచ్చింది, మొదట బండిని తోసిన ఆ తూర్పు ఊరికే.

అప్పుడు మౌనాచారి బండిని తన ఇంటికే లాక్కెళ్ళాడు. జనం దబదబా తలుపులేసుకున్నారు. అతనికి మాత్రం భయం లేదనుకున్నావా? చావంటే ఎవరికి భయం ఉండదు తల్లీ! వణుకుతూనే బండిని కడిగి పంచలో పెట్టాడు. వణుకుతూనే జబ్బుపడ్డ వాళ్ళ ఇళ్ళకి కాచిన నీళ్ళు మోశాడు. అతన్ని చూసి రత్తయ్య, రత్తయ్యని చూసి ఇంకొందరు బయటికి వచ్చారు. కొందరు పోయారు, పాపం. చాలామంది దక్కారు. గత్తర తన దారిన తాను పోయింది.

ఆ తర్వాత కామాక్షి పండంటి కొడుకుని ఎత్తుకుని పుట్టింటికి వచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆ బుడతడు పంచలో ఉన్న బండినే పట్టుకుని నడక నేర్చాడు. ఒకనాడు దాన్ని గడగడా తోసుకుంటూ వీధిలోకి వచ్చేశాడు. ఒకప్పుడు ఆ బండి చప్పుడికి తలుపులేసుకున్న వాళ్ళంతా గుమ్మాల్లో నిలబడి, "ఇటు రారా నాయనా, మా ఇంటికి తోసుకురా!" అని చేతులు చాపారు.

కథేమో కంచికి,
బండేమో ఇంటికి,
నిద్దరేమో నీ కంటికి.