తోక తెరిచిన సంచి

అనగనగా ఒక సముద్రం. ఆ సముద్రానికి ఒక రేవు. రేవు పేరు గవ్వలపాలెం. అక్కడ ఎన్ని ఇళ్లో అన్ని పడవలు. ఎవరినైనా "మీ ఇల్లెక్కడ?" అని అడిగితే ముందు పడవను చూపించి, తర్వాత ఇల్లు చూపించేవారు.

ఆ రేవులో ఎర్నమ్మ అని ఒక అత్త, గవరమ్మ అని ఆమె కోడలు. ఇద్దరికీ కలిపి ఒక గుడిసె, ఒక చిన్న పడవ. వానాకాలం వెళ్తూ వెళ్తూ కొట్టిన తుఫానులో ఆ పడవ ఒడ్డుకు తిరిగొచ్చింది. ఆ రోజు దాని మీద ఒంటరిగా వెళ్లిన గంగన్న తిరిగి రాలేదు. ఎర్నమ్మకు ఒక్కడే కొడుకు. గవరమ్మకు మొగుడు.

నలభై రోజులు ఇద్దరూ ఏడ్చారు. ఒకరికి తెలియకుండా ఒకరు ఏడ్చారు. నలభై ఒకటో రోజు పొద్దున రేవు పెద్ద అసిరయ్య గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఏటమ్మా గవరమ్మా, మగవాడు లేని పడవ ఇసకలో పడుంటే పుచ్చిపోద్ది. మా తమ్ముడి కొడుక్కి ఇచ్చెయ్యి. గంగన్నకి పాలివాడే, దాయాదే కదా. రోజూ మీ ఇంటికింత కూర చేప పడేస్తాడు."

"పుచ్చిపోదు మావా, నేను ఎక్కుతాను" అంది గవరమ్మ.

అసిరయ్య నవ్వాడు. వెనకున్న నలుగురూ నవ్వారు. ఆయన నవ్వితే నవ్వడమే వాళ్ల పని.

నిజానికి గవరమ్మ అయిదేళ్లు గంగన్నతో పాటు తెడ్డు వేసింది. రేవులో అందరికీ తెలుసు. కానీ మొగుడు పక్కన ఉన్నంతకాలం ఆడదాని చేతిలో తెడ్డు ఎవరికీ కనబడదు. మొగుడు పోయాకే కనబడుతుంది, అదీ తప్పులా.

"సరే, మూడు పొద్దులు ఇస్తున్నాను" అన్నాడు అసిరయ్య. "ఏ ఒక్క పొద్దయినా గంప నిండా చేప తెస్తే పడవ నీది. తేలేకపోతే మావాడిది. తర్వాత ఏడవకూడదు."

"ఏడవడం అయిపోయింది మావా."

మూలన ఎర్నమ్మ వల బాగుచేస్తూ కూర్చుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

గవ్వలపాలెం ఎదురుగా నీటి అడుగున ఒక రాతిపార ఉంది. మంచి చేపలన్నీ ఆ రాళ్ల సందుల్లోనే ఉంటాయి. పార మీదుగా పడవను మెల్లగా పోనిస్తూ గాలాలు దించాలి. అయితే గాలి ఊరుకోదు. గాలం అడుగుకి చేరేలోపే చిన్న పడవను పార దాటించేస్తుంది. అందుకే పడవ వెనక తాడుకి ఒక సంచి కట్టి నీళ్లలో వేస్తారు. దాన్ని ఈడుపు సంచి అంటారు. నోరు వెడల్పు, తోక సన్నం. అది నీళ్లు నోట పట్టుకుని "నెమ్మది, నెమ్మది" అన్నట్టు పడవను వెనక్కి లాగుతుంది.

సంచి వెయ్యడం, తియ్యడం, చుట్టి పెట్టడం గంగన్న చూసుకునేవాడు. గవరమ్మ దాన్ని ఎప్పుడూ చేత్తో పట్టి చూడలేదు. అతని సంచి అతనితోనే పోయింది. కాబట్టి గవరమ్మకు ఇప్పుడు సంచి కావాలి.

సంతలో వరహాలశెట్టి దగ్గరికి వెళ్లింది.

"పడవ ఎవరు నడుపుతారమ్మా?" అన్నాడు శెట్టి.

"నేనే."

శెట్టి ఆమె వెనక ఎవరైనా ఉన్నారేమోనని తొంగిచూశాడు. ఎవరూ లేరు. జాలిపడి, కొట్లో అన్నిటికంటే పెద్ద సంచి తీశాడు. "ఆడమనిషివి, బలం చాలదు. ఇదైతే నీ బదులు ఇదే పట్టుకుంటుంది. పెద్ద పెద్ద పడవలవాళ్లంతా ఇదే తీసుకెళ్తారు."

తన కాలి కడియాలిచ్చి దాన్ని తెచ్చుకుంది గవరమ్మ.

మొదటి పొద్దు. సంచి నీళ్లలో పడి ఏనుగంత అయింది. చిన్న పడవ మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. జానెడు కదలదు. గాలాలు ఒకేచోట వేలాడాయి. అలలు వెనకనుంచి ఎక్కి పడవలోకి దూకాయి. సంచిని లాగుదామంటే ఇద్దరు మగవాళ్లకైనా వచ్చేట్టు లేదు. చివరికి తాడు కోసేసి, నీళ్లు తోడుకుంటూ ఒడ్డుకొచ్చింది.

"ఒకటి" అని వేలు ముడిచాడు అసిరయ్య.

ఇంటికొచ్చి చూరు వెతికితే పాత సంచి ఒకటి దొరికింది. నీళ్లలో నాని నాని మెత్తబడిన ముతక గుడ్డ. చిన్నదే, పడవకు సరిపోయేలాగే ఉంది. కానీ తోక కొసన ఒక బెజ్జం!

ఆ రేవులో ఆడపిల్లకు నడక రాకముందే వల సూది పట్టుకోవడం వస్తుంది. బెజ్జం చూసి కుట్టకుండా లేచే చెయ్యి అక్కడ లేదు. "ఎలక కొట్టేసినట్టుంది" అనుకుని గవరమ్మ దారం తీసి, దగ్గర దగ్గరగా, ముచ్చటగా కుట్టేసింది.

ఎర్నమ్మ చూసింది. ఏదో చెప్పబోయినట్టు పెదవులు కదిలాయి. మళ్లీ మూసుకున్నాయి. తల దించుకుని వల పనిలో పడింది.

రెండో పొద్దు. నోట నిండిన నీటికి పోయే దారి లేదు. సంచి పలుపు తెంపుకున్న దూడలా అటు గెంతింది, ఇటు గెంతింది. బొంగరంలా తిరిగింది. తాడు మెలికలు పడింది. పడవ తాగినవాడి నడక నడిచింది. గాలాలన్నీ ఒకదానికొకటి చుట్టుకున్నాయి. ఆ చిక్కులు విప్పుకునేసరికే పొద్దు వాలింది.

"రెండు" అన్నాడు అసిరయ్య. పడవ పక్కన అతని తమ్ముడి కొడుకు అప్పుడే ఏ రంగు వేయించాలా అని చూసుకుంటున్నాడు.

గవరమ్మ గుమ్మంలో కూలబడింది. ఎర్నమ్మ కంచంలో గంజి పోసి తెచ్చింది. కంచం దించి, అక్కడే కూర్చుండిపోయింది.

"ఒలే గవరా. ఆ బెజ్జం ఎలక కొట్టింది కాదే. నేను పెట్టింది."

గవరమ్మ తలెత్తింది. "మరి నేను కుడుతుంటే చూశావు కదత్తా!"

"చూశాను. కావాలనే ఊరుకున్నాను." ఎర్నమ్మ సముద్రం వైపు చెయ్యి చూపింది. "నా కొడుకుని ఆ నీరే మింగింది. ఓడిపోతే నువ్వు ఒడ్డున ఉంటావు. ఎండు చేప నంజుకుని బతుకుదాం, బతికుంటే చాలు అనుకున్నాను. తిట్టవే. నోరారా తిట్టు."

గవరమ్మ తిట్టలేదు. గంజి చల్లారిపోయింది.

"నాకు కోపంగానే ఉందత్తా" అంది చివరికి. "కానీ నేనైనా నిన్ను అడిగానా? శెట్టిని అడిగాను. చూరుని అడిగాను. నలభై ఏళ్లు సంచులు కుట్టిన చేతులు ఇంట్లోనే ఉంటే, వాటిని అడగాలని తోచలేదు నాకు. నువ్వు నన్ను ఒడ్డున ఉంచగలవు. ఉంచితే ఉంటాను. కానీ రోజూ ఆ పడవలో ఇంకొకడు పోతుంటే చూస్తూ ఉండాలి. అలా చూడలేను."

ఎర్నమ్మ లేచింది. చేపల కత్తి తెచ్చింది. సంచిని ఒళ్లో పెట్టుకుని, కోడలు వేసిన కుట్లు ఒక్కొక్కటే తెంపింది. ఒక్కొక్క కుట్టూ తెంపుతూ కళ్లు తుడుచుకుంది. తర్వాత గవరమ్మ కుడిచెయ్యి పట్టుకుని, నాలుగు వేళ్లూ చేర్చి బెజ్జంలోంచి దూర్చింది. వేళ్లు సరిగ్గా పట్టాయి.

"నాలుగు వేళ్లు. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. మా అమ్మ చెప్పిన కొలత. వచ్చిన నీరు పోతుంటేనే సంచి తిన్నగా నిలుస్తుందే. అప్పుడే పడవ దాని మాట వింటుంది."

అవతలి పక్కకొచ్చిన ఆ నాలుగు వేళ్లనీ పట్టుకుని ఒక్కసారి నొక్కింది. తర్వాత వదిలేసింది.

మూడో పొద్దు. ఎర్నమ్మే వచ్చి పడవకు చెయ్యి వేసి నీళ్లలోకి తోసింది. "పొద్దు వాలకముందే రా" అంది. "వస్తాను" అంది గవరమ్మ.

పార దగ్గర సంచి నీళ్లలో పడింది. నోటినిండా నీరు పట్టింది, తోకనుంచి వదిలింది. పట్టింది, వదిలింది. గాలి ఎంత తోసినా పడవ పసిబిడ్డను ఎత్తుకున్న తల్లిలా తిన్నగా, మెల్లగా నడిచింది. గాలాలు రాళ్ల మధ్యకు దిగాయి. మొదటి లాగుకే చెయ్యి ఊగిపోయింది.

పొద్దు ఇంకా రెండు నిలువుల ఎత్తున ఉండగానే పడవ ఒడ్డు తాకింది. గంప నిండింది. గంపలో పట్టనివి పడవ అడుగున ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. మూడో వేలు ముడవబోయిన అసిరయ్య చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

"సంచి ఎక్కడిదమ్మా? ఎవరి పనితనం?" అన్నాడు గొంతు తగ్గించి.

"మా అత్తది."

మర్నాడు రేవులో మగవాళ్లందరూ ఎర్నమ్మ గుమ్మం ముందు చేరారు, కొలత చెప్పమని. ఆమె వల మీంచి తల ఎత్తలేదు.

"మీ సంచులు ఎవరు కుడుతున్నార్రా?"

"మా ఆడోళ్లు."

"అయితే మీ ఇళ్లకెళ్లి అడగండి."

అప్పటికే గవరమ్మ పడవ పార వైపు సాగిపోతోంది. ఎర్నమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, అది చుక్కంత అయ్యేదాకా చూసింది. భయం పోలేదు. అయినా నవ్వింది.

పిల్లలూ, పెద్దలూ, ఎంత ప్రేమతో పట్టుకున్నా నాలుగు వేళ్ల దారి తెరిచి ఉంచండి. దారి మూసి పట్టుకున్నది పడవైనా మనిషైనా మన చేతిలో నిలవదు.