నిమ్మాకు మీద నూకాలు రాత

ఒకప్పుడు నిమ్మాకులన్నీ ఒక్క గీత కూడా లేకుండా నున్నగా ఉండేవి. పురుగుల పిల్లలకు అవే పలకలు. మిడత మాస్టారు నిమ్మచెట్టు మీద బడి నడిపేవాడు.

ఒకరోజు ఆయన, "ఎవరి పేరులో మొదటి అక్షరం వాళ్లు ఆకు మీద అంటించండి. సాయంత్రం మీ అమ్మలొచ్చి చూస్తారు," అన్నాడు.

చీమపిల్ల ఆవగింజలు తెచ్చి 'చీ' పేర్చింది. తూనీగపిల్ల గడ్డిపరకలు వంచి 'తూ' చేసింది.

నూకాలు అని ఇంకో పురుగుపిల్ల ఉంది. బియ్యపు నూకంత ఉంటుంది. అది పువ్వు పువ్వుకీ పాకి, పుప్పొడి మోసుకొచ్చి, మంచు తడితో అంటించి 'నూ' చేసింది. చేసేసరికి దాని ఒళ్లు హూనమైపోయింది.

అంతలో నత్తయ్య వచ్చాడు. చీమపిల్ల ఆకు దగ్గర పక్కకి తప్పుకున్నాడు. చీమలు కుడతాయని భయం. నూకాలు ఆకు మీద మాత్రం అడ్డంగా జారుకుంటూ పోయాడు. వెనక జిగురు మిగిలింది, అక్షరం మిగల్లేదు.

"మామా, అది నా అక్షరం," అంది నూకాలు.

"నా దారిలో ఎందుకు పెట్టావు? ఇంకోటి చేసుకో."

ఇంకోటి చేసింది. తిరిగొస్తూ దాన్నీ తుడిచేశాడు.

మాస్టారితో చెబితే, "పెద్దాయన, చూసుకోలేదు. నువ్వే సర్దుకోవాలి," అన్నాడు.

సాయంత్రం అమ్మ వచ్చింది. ఖాళీ ఆకు చూసి, "పోనీలే తల్లీ. మనలాంటివాళ్లకి అక్షరం అబ్బదేమో," అని తల నిమిరి వెళ్లిపోయింది.

ఆ మాటకి నూకాలుకి ఒళ్లు మండిపోయింది. "నాకు అబ్బదా?" అని పళ్లు కొరికింది. ఆ పళ్లతోనే ఆకు పైపొర కొరికింది. చిల్లులోంచి లోపలికి దూరింది. రెండు పొరల మధ్య పచ్చటి గుజ్జు తింటూ 'నూ' రాసింది. తిన్న చోటల్లా తెల్లటి గీత పడింది.

తెల్లారి నత్తయ్య దాని మీంచి జారాడు. గీత చెరగలేదు. వెనక్కి వచ్చి గట్టిగా రుద్దాడు. ఊహూ.

"బయటికి రా పిల్లా. ఆకంతా పాడుచేస్తున్నావు."

"తుడుచుకో మామా. చేతనైతే తుడుచుకో," అంది నూకాలు లోపల్నించి.

మాస్టారు వచ్చి, "అక్షరం అయిపోయిందిగా అమ్మా, ఇక ఆపు," అన్నాడు.

"నిన్న ఆయన్ని ఆపారా?"

మాస్టారు పక్క కొమ్మ మీదికి గెంతాడు.

అమ్మ వచ్చి గీత వెంట కాలితో తడుముకుంటూ నడిచింది. "ఇది నువ్వు రాసిందేనా?"

"నేనే. వెళ్లి అందరికీ చెప్పు."

అమ్మ మురిసిపోయింది కానీ నూకాలు కోపం చల్లారలేదు. 'నూ' తోకని సాగదీసి, వంకర్లు తిప్పి, ఆకు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా లాగింది. దాని పిల్లలూ అలాగే నేర్చుకున్నారు.

అప్పటినుంచే నిమ్మాకుల మీద తెల్లటి వంకర గీతలు పడుతున్నాయి. రైతులు వాటిని పాముపొడ అంటారు. వేలితో ఎంత రుద్దినా అవి పోవు.