వయ్యారిభామకు పీట

నాంచారమ్మగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. పక్కనున్న వస్తువేదో చేతికిచ్చి "ఇది పట్టుకుని పద" అంటారు. మూలికల వైద్యం నేర్చుకోవడానికి ఆమె ఆశ్రమంలో చేరిన కోనప్పకు ఆ రోజు చెక్కపీట దక్కింది.

అతని ప్రశ్నలో సగం ఏడుపే. సరస్వతి ఆకు మడిని అమ్మగారు అతనికి అప్పగించారు. జ్ఞాపకానికి మంచిదని నాలుగు ఊళ్లవాళ్లు ఆ ఆకు కోసం వస్తారు. అమ్మగారూ రోజూ పొద్దున్నే రెండాకులు నములుతారు. నమిలిన సంగతి మరిచిపోయి ఒక్కోసారి నాలుగు. ఆ మడి ఈ ఏడు ఎండిపోయి, వయ్యారిభామ కలుపు కమ్మేసింది. వానలలోగా మడి తేరుకోకపోతే ఊరెళ్లి మీ నాన్న గేదెలు కాసుకోమని ఆమె ముందే చెప్పేశారు.

"పీకినకొద్దీ వస్తోందమ్మా! చేతులు చూడండి, అన్నీ దద్దుర్లే. పేరు చూస్తే వయ్యారిభామ, రాక చూస్తే పిలవని పేరంటం. ఇది ఇక్కడికే ఎందుకొచ్చినట్టు?"

"మడి మధ్యలో పీట వేసుకుని కాసేపు కూర్చో."

మిట్టమధ్యాహ్నం. పావుగంటకే కోనప్ప కేకపెట్టాడు. "మాడు పగిలిపోతోందమ్మా!"

"అదేమిట్రా, నిరుడు వేసవిలో ఇక్కడే కదూ నిద్రపోయేవాడివి? నాకు మతిమరుపే గానీ, నీ గురక మాత్రం గుర్తుంది."

"అప్పుడు కానుగచెట్టు నీడ ఉండేదమ్మా. రోజూ ఆ ఆకులు ఊడవలేక నేనే దాన్ని కొట్టేసి..."

అతను లేచి, గోడ పక్కన మిగిలిన రెండో కానుగ కిందికి వెళ్లాడు. రాలిన ఆకులు పక్కకు జరిపి చూశాడు. నేల చల్లగా, తడిగా ఉంది. ఎప్పుడు పాకి వచ్చిందో, సరస్వతి ఆకు తీగ ఒకటి అక్కడ పచ్చగా నవనవలాడుతోంది. వయ్యారిభామ ఒక్కటంటే ఒక్కటి లేదు. కోనప్ప నెత్తి రుద్దుకుంటూనే పకపకా నవ్వాడు.

సాయంత్రానికల్లా తాటాకులు మోసుకొచ్చాడు, పందిరికి గుంజలు తెచ్చాడు, ఎక్కడో వెతికి ఒక కానుగ మొక్కను కూడా పట్టుకొచ్చాడు. మడి అంచున నిలబడి అడిగాడు: "అమ్మా, అయితే ఈ భామను ఇక పీకక్కర్లేదా?"

"పూత రాకముందే పీకాలి. నువ్వు పిలిస్తే వచ్చినవాళ్లను సాగనంపక తప్పుతుందా?" అన్నారు నాంచారమ్మగారు. కలుపు మధ్యలో మధ్యాహ్నం నుంచీ పడి ఉన్న దానికేసి వేలు చూపించారు. "ముందు ఆ పీట తియ్యరా."