వీధివైపు కుళాయి

"మన కరెంటుతో తోడిన నీళ్ళు మనవే కదా స్వామీ. మనవి మనం ఇస్తే దానమే కదా?" అని శేషాచలం ఒకనాడు గురువును అడిగాడు. ముద్దప్ప స్వామికి ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు లేదు. చూద్దాం అని ఊరుకున్నాడు.

నడి ఎండాకాలం. కొండ కింది ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి బోరు మోటారు మూలన పడింది. ఆశ్రమానికి మాత్రం కప్పు మీద సోలార్ పలకలున్నాయి, వాటితో నడిచే మోటారుంది. శేషాచలం రోజూ పొద్దున ఒక గంట గేటు తీసి ఊరివాళ్ళకు కుళాయి వదిలేవాడు. అంతకు మించి వదిలితే బ్యాటరీలు నిండవు, సాయంత్రం భజనకు లైట్లూ మైకూ ఉండవు. మనిషి మంచివాడే పాపం. కాకపోతే గేటు దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్ళ దండాలకు కాస్త రుచి మరిగాడు.

మర్నాడు గురువు కూడా వచ్చి అతని పక్కన నిలబడ్డాడు. ఓబులమ్మ అనే నిండు చూలాలు బిందె నింపి చంకనెత్తుకుని వస్తూ, కుర్చీ ముందు ఆగి, బిందె దించి, రెండు చేతులూ జోడించింది.

"సల్లగుండు సామీ. నీ దయతో ఈ పూటకు పొయ్యి ఎలిగిస్తాం" అంది.

శేషాచలం తృప్తిగా తలూపాడు. ఆమె బిందె కోసం మళ్ళీ వంగింది. నడుము పట్టేసి అక్కడే కూలబడింది. బిందె ఒరిగి నీళ్ళన్నీ మట్టిపాలయ్యాయి. అప్పటికే గంట దాటి కుళాయి ఆగిపోయింది. ఆమె తడిసిన నేలకేసి చూస్తూ ఏడ్చింది.

గురువు ఆమెను నీడన కూర్చోబెట్టి, లోపలి నుంచి తన కుండ తెచ్చి బిందెలో వంచాడు. తరవాత శిష్యుణ్ణి మెల్లగా అడిగాడు.

"ఆ తల్లి బిందె ఎందుకు దించింది నాయనా?"

శేషాచలం కుర్చీలోంచి లేచాడు. బిందె తన భుజానికెత్తుకుని, ఆమె వెంట నడిచి, ఇంట్లో దించి వచ్చాడు. వస్తూనే గునపం అందుకున్నాడు. గోడకు బెజ్జం కొట్టి, పైపు అవతలికి లాగి, కుళాయిని వీధివైపు బిగించాడు. ఇక ఎవరూ ఎవరికీ దండం పెట్టక్కర్లేదు, ఎవరికి కావలసినప్పుడు వాళ్ళు తిప్పుకోవచ్చు.

పనయ్యాక మాత్రం అతనికి బెంగ పట్టుకుంది. పగలంతా మోటారు ఆడితే సాయంత్రానికి కరెంటు మిగలదే, మరి భజన ఎలా అని గురువు దగ్గర నసిగాడు.

ముద్దప్ప స్వామి అతని భుజం మీది మట్టి దులిపాడు.

"పాడ్డానికి కరెంటెందుకు నాయనా? గొంతు తడిగా ఉంటే చాలు."