సూరమ్మ పెట్టించుకున్న రెండు లైన్లు

గుర్రపుగుట్ట వెనక పల్లంలో పశువులు వేసుకున్న పాకలు ఓ ఇరవై దాకా ఉండేవి. ఒకవైపు గుట్ట అడ్డం, ఇంకోవైపు వాగు అడ్డం. ఫోన్‌కి సిగ్నల్ అందాలంటే గుట్ట కొసకెక్కి ఒంటికాలి మీద నిలబడాలి. కొంగలకైతే అది అలవాటే. మిగతావాళ్ల గతేమిటి?

ఆ పాకల్లో చివరిదాంట్లో సూరమ్మ అనే గేదె ఉండేది. పురుడంటే చుట్టుపక్కల దొడ్లన్నిటికీ సూరమ్మే గుర్తొచ్చేది. దూడ అడ్డం తిరిగినా, కాలు మడుచుకున్నా కంగారుపడేది కాదు, గొంతు పెంచేది కాదు. "నేనున్నా కదా తల్లీ, ఊపిరి తీసుకో" అనేది. ఆ మాటకే సగం నొప్పి తగ్గినట్టుండేది. అలాంటి సూరమ్మ పోయిన వానాకాలం రేవు దగ్గర జారిపడింది. తుంటి విరిగింది. అతుక్కోవడం అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పురుళ్లకి పిలవడం అందరూ మెల్లగా మానేశారు. రోజంతా పాకలో పడుకుని, ఎవరో వేసిన గడ్డి నెమరేస్తూ, నేనింకా ఎందుకున్నానా అనుకునేది.

అప్పుడు వచ్చింది పట్నం నుంచి గజలక్ష్మమ్మ. పశువులకి ఫోన్లో వైద్యం చెప్పే సలహా కేంద్రం నడుపుతుంది ఆ ఏనుగు.

"నా దగ్గర పని చెయ్యి సూరమ్మా," అంది. "ఇంట్లో కూర్చునే పనే. నొప్పులు పడేవాళ్లు వీడియో కాల్ చేస్తారు. చూసి, ఏం చెయ్యాలో చెప్పు. దీనికి కాళ్లెందుకు, నీ గొంతు చాలు."

సూరమ్మకి కళ్లు చెమర్చాయి. "చేస్తానమ్మా. తప్పకుండా చేస్తాను."

"ఒక్క షరతు. ఇంటికి మంచి నెట్ నువ్వే పెట్టించుకోవాలి. మధ్యలో లైను పోకూడదు. కాసేపు ఆగమంటే పురుడు ఆగుతుందా?"

మర్నాడు పొద్దున్నే పక్క పాక మేక చుక్కమ్మ ఈ సంగతి ఊరంతా చాటింది. మధ్యాహ్నానికల్లా నక్క జంబయ్య మెడలో బిళ్ల వేసుకుని, చేతిలో తెల్లటి నెట్ డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"పెద్దమ్మగారూ, ఇంటి దగ్గర పనంటే జంబయ్య లైనే. పెట్టిన క్షణం నుంచీ పరుగే. చూస్తారా స్పీడు?"

"స్పీడు సంగతి తర్వాత," అంది సూరమ్మ. "లైను పోతే ఎవరొస్తారు? ఎంతసేపటికి వస్తారు?"

జంబయ్య ఒక్క క్షణం తడబడ్డాడు. ఇంతవరకూ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. "మా పందికొక్కు ఎల్లయ్య ఉన్నాడుగా. కబురందితే చాలు, పరిగెత్తుకొస్తాడు."

"వానొస్తే?"

"వానొచ్చినా పోదు."

"గాలొస్తే?"

జంబయ్య నవ్వాడు. ఈ గేదె మిగతావాళ్లలాంటిది కాదని అతనికి అర్థమైంది. "పెద్దమ్మగారూ, మీతో అబద్ధం చెప్పలేను. ఎవరి లైనైనా ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. అందుకే తెలివైనవాళ్లు రెండు పెట్టించుకుంటారు. ఒక డబ్బా పోయినా ఇంకో డబ్బా ఉంటుంది. కానీ ఆ రెండోది మాత్రం చిలుక దగ్గర తీసుకోకండి. వాడంత దగాకోరు ఈ పల్లంలో లేడు."

అంతలో కిటికీ మీద చిలుక మాణిక్యం వచ్చి వాలాడు. వాలుతూనే అందుకున్నాడు.

"దగాకోరు ఎవర్రా? వాగు మీదుగా తీగ లాగి జనాన్ని ముంచేది నువ్వు. అమ్మా, ఈయన మాట నమ్మకండి. మా కంపెనీ వేరు, మా డబ్బా వేరు, మా రంగు వేరు."

"నీ కంపెనీ! రెక్కలున్నాయి కదా అని ఎగిరిపడకు."

"నీకు తోకుంది కదా అని ఊపకు!"

మాటా మాటా పెరిగింది. జంబయ్య పైకి ఎగిరాడు. మాణిక్యం అతని చెవి పొడిచాడు. రెండు ఈకలు రాలి సూరమ్మ ముందు పడ్డాయి. చుక్కమ్మ పరిగెత్తుకొచ్చి ఇద్దరినీ విడదీయబోయి తానే ఓ దెబ్బ తింది.

వాళ్లు వెళ్లాక సూరమ్మ రెండు రోజులు ఆలోచించింది. చుక్కమ్మని పిలిచి అడిగింది.

"నీకేమనిపిస్తోంది చుక్కమ్మా?"

"ఒకళ్ల పేరెత్తితే ఒకళ్లకి ఒళ్లు మంట వదినా. అంత పగ ఉన్నవాళ్లు కలిసి మోసం చేస్తారా?"

సూరమ్మకీ అదే సబబనిపించింది. నక్క లైను పోయిందంటే చిలుక సంబరపడతాడు, తన లైను ఇంకా బాగా చూసుకుంటాడు. రెండూ ఒకేసారి పోవడం ఉండదు. జంబయ్య తెల్ల డబ్బా కుడి గోడకి, మాణిక్యం ఆకుపచ్చ డబ్బా ఎడమ గోడకి పెట్టించుకుంది. ఒకటి ఆపి ఒకటి వేసి చూసింది. రెండూ బాగానే వచ్చాయి. తీగలు బయటికెళ్లి ఎటు పోతున్నాయో చూద్దామని గుమ్మం దాకా నడిచింది. రెండూ చింతచెట్టు దాటి మలుపు తిరిగాయి. ఆ మలుపు దాకా వెళ్లాలంటే తుంటి సహకరించలేదు. పోనీలే అనుకుంది.

ఆ తర్వాత నెలన్నర సూరమ్మ మళ్లీ సూరమ్మ అయింది. తెరలో ముఖం కనపడగానే అవతలివాళ్లు ఏడుపు ఆపేవారు. ఒక ఆవుకి కవలలు పుట్టారు. ఒక గాడిద తన బిడ్డకి సూరమ్మ పేరే పెట్టుకుంది. సాయంత్రాలు చుక్కమ్మతో కూర్చుని ఆ రోజు పుట్టినవాళ్ల సంగతులు చెప్పుకునేది. తుంటి నొప్పి కూడా కాస్త మరిచిపోయినట్టుండేది.

శ్రావణం మొదట్లో, మిట్టమధ్యాహ్నం, ముసురులో ఒక కాల్ వచ్చింది. తెర మీద సింహాద్రి అనే పొట్టేలు. ముఖం పాలిపోయి ఉంది. వెనక గడ్డి మీద అతని భార్య బుల్లెమ్మ మెలికలు తిరుగుతోంది. తొలి కాన్పు.

"అమ్మా, పొద్దున్నుంచీ నొప్పులే. ఒక కాలు కనబడుతోంది. ఇంకోటి లేదు. ఇక్కడెవరూ లేరమ్మా, నేనొక్కణ్ణే."

"ఫోన్ కాస్త దగ్గరికి పెట్టు బాబూ. ఆఁ, కనిపించింది. రెండో కాలు లోపల మడుచుకుంది. భయం లేదు, ఇలాంటివి ఎన్నో చూశాను. బుల్లెమ్మా, నేనున్నా కదా తల్లీ, ఊపిరి తీసుకో."

బుల్లెమ్మ తెర వైపు చూసి తలూపింది.

"సింహాద్రీ, జాగ్రత్తగా విను. నొప్పి ఆగినప్పుడు బిడ్డ తలని మూతితో కాస్త వెనక్కి నెట్టాలి. అప్పుడు ఆ మడిచిన కాలు ముందుకొస్తుంది. నువ్వు పట్టుకున్న ఆ కాలుందే..."

"పట్టుకున్నానమ్మా! లాగనా?"

"బాబూ, ఇప్పుడే లాగకు" అనబోయింది సూరమ్మ. అంది కూడా. కానీ ఆ మాట పూర్తయ్యేలోపు తెర మీద సింహాద్రి ముఖం కదలకుండా నిలిచిపోయింది. కుడి గోడ మీద ఎర్ర లైటు వెలిగింది.

సూరమ్మ చప్పున ఎడమ డబ్బాకి మార్చింది. అక్కడా ఎర్ర లైటే. ఆపి వేసింది. మళ్లీ ఆపి వేసింది. తీగలు ఊడదీసి పెట్టింది. రెండు గోడల మీదా రెండు ఎర్ర లైట్లు, అంతే.

"చుక్కమ్మా! మీ ఇంట్లో నెట్ ఉందా?"

"పోయింది వదినా. ఊరంతా పోయింది. ఈ ముసురులో గుట్ట ఎక్కడం కూడా కుదరదు."

సూరమ్మ వానలోకి దిగింది. తుంటి పట్టేస్తున్నా ఆగలేదు. చింతచెట్టు దాటింది, మలుపు తిరిగింది. అక్కడ వాగు ఒడ్డున ఒక స్తంభం పక్కకి ఒరిగి ఉంది. తెగిన తీగ నీళ్లలో కొట్టుకుంటోంది. గట్టు మీద పందికొక్కు ఎల్లయ్య తడిసి ముద్దయి కూర్చున్నాడు.

"ఎల్లయ్యా, ఇది నక్కదా, చిలుకదా?"

"ఏదంటారేంటమ్మా? ఈ పల్లం మొత్తానికి ఉన్నదే ఒక్క తీగ. ఇక్కడ రెండుగా చీల్చి వాళ్లకోటి వీళ్లకోటి ఇస్తాను."

"మరి రెండోది? గుట్ట మీదుగా ఏమీ రాదా?"

"గుట్ట మీద ఏముందమ్మా, రాళ్లు తప్ప."

"ఎప్పటికి కడతావు?"

ఎల్లయ్య వాగు వైపు చూపించాడు. ఎర్రటి నీళ్లు గట్టు మీదకి పొర్లుతున్నాయి. "నీళ్లు తీస్తే రేపు. నేనొక్కణ్ణే కదా ఇద్దరికీ."

ఆ పక్కనే రేకుల షెడ్డు ఉంది. దానికి రెండు తలుపులు, రెండు బోర్డులు. ఒకటి తెల్లది, ఒకటి ఆకుపచ్చది. లోపల మాత్రం ఒకటే గది. ఆ గదిలో జంబయ్య, మాణిక్యం ఎదురెదురుగా కూర్చుని వేడివేడి బఠాణీలు తింటున్నారు.

సూరమ్మ గుమ్మంలో నిలబడింది. ఒళ్లంతా నీళ్లు కారుతున్నాయి. "అక్కడ ఒక పిల్ల పురుటి మధ్యలో ఉంది," అంది. "నన్నెందుకు మోసం చేశారు?"

జంబయ్య లేచి నిలబడ్డాడు, మర్యాదగానే. "మోసం ఏముంది పెద్దమ్మగారూ? రెండు డబ్బాలన్నాం, రెండు డబ్బాలిచ్చాం. తీగలు రెండని నేనన్నానా?"

"వేరు వేరన్నారు!"

"కంపెనీ వేరు, డబ్బా వేరు, రంగు వేరు అన్నాను," అన్నాడు మాణిక్యం. "అవన్నీ వేరే కదా. తీగ మాట నేనెత్తలేదే."

"మరి ఆ కొట్లాట?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "గిరాకీ కోసం ఇద్దరం పోట్లాడుకుంటాం," అన్నాడు జంబయ్య. "మాలో మాకు గొడవలేం లేవు. మీరు అడగాల్సినవన్నీ అడిగారమ్మా. నిజంగా అడిగారు. ఆ ఒక్కటే అడగలేదు."

సూరమ్మ వెనక్కి తిరిగింది. ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది.

మర్నాడు మధ్యాహ్నం లైట్లు పచ్చబడ్డాయి. మొదటి కాల్ సూరమ్మే చేసింది. సింహాద్రి ఎత్తాడు. ముఖం చూపించలేదు, గొంతు మాత్రమే వినిపించింది.

"బిడ్డ పోయాడమ్మా. మీరే లాగమన్నారు కదా. లాగాను." పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

తర్వాత గజలక్ష్మమ్మ చేసింది. ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"రికార్డు విన్నాను సూరమ్మా. చివర 'ఇప్పుడే లాగ' అని ఉంది. అంతే ఉంది."

"లాగకు అన్నానమ్మా!"

"అనే ఉంటావు, నాకు తెలుసు. కానీ వాళ్లకి వినపడింది అది కాదు. ఆ పల్లం లైనుని నమ్మి ఇంకొక ప్రాణాన్ని నీ చేతుల్లో పెట్టలేను."

సూరమ్మ రెండు డబ్బాలూ ఊడదీసి బయట పెట్టింది. ఆ తెల్లవారి చుక్కమ్మ ఎంత చెప్పినా వినకుండా సింహాద్రి వాళ్ల ఊరికి బయలుదేరింది. నిజం ఒకటి చెప్పి రావాలి, అంతకంటే ఇంకేమీ అక్కర్లేదు అనుకుంది. ఒకరోజు దారి ఆమెకి ఐదు రోజులు పట్టింది.

సింహాద్రి మేతకి వెళ్లాడు. బుల్లెమ్మ ఒక్కతే పాక ముందు పడుకుని ఉంది. సూరమ్మ గొంతు వినగానే గుర్తుపట్టింది. సూరమ్మ ఆమె పక్కనే కూలబడింది.

"అమ్మా, ఒక్కటి అడుగుతాను," అంది బుల్లెమ్మ. "మీరు లాగమన్నారా, లాగొద్దన్నారా?"

"లాగకు అన్నాను తల్లీ. లైను తెగిపోయింది."

బుల్లెమ్మ కళ్లు మూసుకుంది. కాసేపటికి తెరిచి దారి వైపు చూసింది. పొట్టేలు వచ్చే వేళయింది.

"ఆయన రోజూ ఏడుస్తున్నాడు. ఆవిడ చెప్పిందని లాగాను, నా తప్పు లేదు కదా అని పదే పదే అడుగుతున్నాడు. లేదంటున్నాను. ఆ మాట పట్టుకునే తిండి తింటున్నాడు." ఆమె సూరమ్మ కాలి మీద తల ఆనించింది. "మీరు చెప్పింది ఆయనకి చెప్పొద్దమ్మా. మీరే లాగమన్నారని అనుకోనివ్వండి."

సూరమ్మ బుల్లెమ్మ నుదురు ఒకసారి నాకింది. "చెప్పనులే తల్లీ," అంది. సింహాద్రి గిట్టల చప్పుడు వినపడకముందే లేచి, వచ్చిన దారినే కుంటుకుంటూ వెళ్లిపోయింది.

నీతి: నీ ముందు పోట్లాడుకునే ఇద్దరూ వేరు వేరని నమ్మకు, వాళ్ల తీగలు ఏ స్తంభం దగ్గర కలుస్తున్నాయో ముందే చూసుకో.