అడ్డం అరవై నాలుగు, నిలువు అరవై

ఎక్కడ కంప్యూటర్ మొరాయించినా దైవసహాయం మాష్టారు సంచి భుజాన వేసుకుని స్వయంగా బయలుదేరేవారు. విత్తన పరిశోధన సంస్థలో యూనిక్స్ యంత్రాలన్నీ ఆయన చేతి మీదుగానే నడిచేవి. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న మురహరికి ఈ తిరుగుడు నచ్చేది కాదు. ఓపిక పట్టి పట్టి ఒకరోజు అడిగేశాడు.

"మాష్టారూ, ఏ ఊరి యంత్రంలోకైనా టెలిఫోన్ లైను మీద ఇక్కణ్ణుంచే వెళ్ళి సరిచేయగలం కదా. ఇక మనిషి వెళ్ళడం దేనికి?"

మాష్టారు బల్ల మీది కాగితాల్లోంచి ఒక ఉత్తరం తీసి అతని ముందు పెట్టారు. కొల్లేటి అంచున ఉన్న చిన్న విత్తన కేంద్రం నుంచి తాయారు అనే ఆవిడ రాసింది. తెర మీద బొమ్మ సాగినట్టు కనబడుతోందని ఆవిడ అంతకు ముందు రెండుసార్లు రాసింది. రెండుసార్లూ మురహరే బదులిచ్చాడు: "మీ సెట్టింగులు ఇక్కడి నుంచి పరిశీలించాము. అన్నియు సరిగానే ఉన్నవి." ఈ మూడో ఉత్తరంలో ఫిర్యాదు లేదు. ఒకే ఒక్క వాక్యం ఉంది. "అయితే నా కళ్ళే చూపించుకుంటాను."

"రేపు పొద్దున్నే పోదాం," అన్నారు మాష్టారు.

బస్సు దిగి కాలవ గట్టు మీద గంటసేపు నడిస్తే గానీ ఆ కేంద్రం రాలేదు. ఒకప్పుడు అయిదుగురు పనిచేసిన చోటు. ఒక్కొక్కరే బదిలీ చేయించుకుని పోగా తాయారు మిగిలింది. యాభై దాటిన మనిషి. వీళ్ళని చూసి గుమ్మంలో నిలబడి ఏదో అనబోయింది, మాట పెగల్లేదు. గొంతు సవరించుకుని నవ్వింది.

"ఏమనుకోకండి. మాట్లాడి నాలుగు రోజులైంది."

లోపల కుర్చీల మీద విత్తనాల సంచులున్నాయి. వాటిని దించి, కొంగుతో దుమ్ము దులిపి కూర్చోమంది. ఆవిడ పని వరిగింజల్ని కొలవడం. సూక్ష్మదర్శినికి బిగించిన కెమెరా గింజను పెద్దది చేసి తెర మీద చూపిస్తుంది. ఆవిడ తెర గాజుకు స్కేలు ఆనించి పొడవు రాసుకుంటుంది. గింజ సన్నమో లావో తేలేది ఆ కొలత మీదనే. మూడేళ్ళుగా ఆ కొలతలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఆవిడ చూపు మందగించిందని పైవాళ్ళు తేల్చారు. వచ్చే నెల నుంచి కొలతల పని మానిపించి గోదాములోకి మారుస్తున్నట్టు కాగితం కూడా వచ్చింది.

"కళ్ళజోడు రెండుసార్లు మార్చానండీ," అంది తాయారు. "మొదట్లో తెరదే తప్పనుకున్నాను. అంతా సరిగానే ఉందని మీరు రాశాక, చుట్టుపక్కల అడుగుదామంటే ఇంకో మనిషి లేడు. నాకే అనుమానం పట్టుకుంది."

మురహరి తల దించుకున్నాడు. మాష్టారు స్కేలు అతని చేతికిచ్చారు.

తెర మీద గింజ అడ్డంగా పడుకుని ఉంది. కొలిచాడు. అరవై నాలుగు మిల్లీమీటర్లు. తాయారు అదే గింజను మెల్లగా నిలువుకు తిప్పింది. మళ్ళీ కొలిచాడు. అరవై. తప్పు చూశాననుకుని ఇంకోసారి కొలిచాడు. అరవయ్యే.

"ఇప్పుడు గాజు కొలువు," అన్నారు మాష్టారు.

అడ్డం ముప్పై రెండు సెంటీమీటర్లు, నిలువు ఇరవై నాలుగు. మురహరి సెట్టింగుల ఫైలు తెరిచాడు. అడ్డంగా పన్నెండు వందల ఎనభై చుక్కలు, నిలువునా వెయ్యిన్నీ ఇరవై నాలుగు గీతలు. ప్రధాన కార్యాలయంలో అన్ని మానిటర్లకూ అవే అంకెలు. కానీ అక్కడి గాజులు కాస్త నిలువెక్కువ. ఇక్కడి పాత గాజులో అన్ని గీతలు ఇరుక్కుని కూర్చునేసరికి నిలువుగా ఉన్నదల్లా కుదించుకుపోతోంది.

"అంకెలు సరైనవే కదా మాష్టారూ," అన్నాడు, తనకే వినబడనంత నెమ్మదిగా.

"సరైనవే. ఈ గాజు ఎంతుందో వాటికెవరు చెప్పారు?"

నిలువు గీతల్ని తొమ్మిది వందల అరవైకి తగ్గించి, ఆ కొత్త అంకెల వరుసను మురహరే ఫైలులో రాశాడు. తెర ఒకసారి ఆరి వెలిగింది. బొమ్మ ఎడమకు జరిగిపోయి కుడివైపు నల్లటి పట్టీ మిగిలింది. అంకెలు ఒక్కొక్కటే కదుపుతూ దాన్ని మధ్యకు తెచ్చాడు. మానిటర్ బొత్తాలు నొక్కి అంచులదాకా సాగదీశాడు. స్కేలు తాయారుకిచ్చాడు.

అడ్డం అరవై నాలుగు. గింజ తిప్పింది. నిలువు అరవై నాలుగు.

ఆవిడ సంతోషపడుతుందనుకున్నాడు మురహరి. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కిటికీలోంచి బయటికి చూసింది.

"నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట," అంది.

మూడేళ్ళ పుస్తకాలూ వృథా కాలేదు. ప్రతి కొలత పక్కనా గింజ అడ్డమో నిలువో ఆవిడ రాసి పెట్టుకుంది. నిలువు కొలతల్ని ఆ మేరకు పెంచుకుంటే చాలు. తప్పు ఆవిడ చూపుది కాదని, దూరం నుంచి చూసి సరే అని రాసిన తనదని మురహరి అక్కడే కూర్చుని పైవాళ్ళకు ఉత్తరం రాశాడు. కింద తన సంతకం పెట్టాడు. ఆ ఉత్తరం అందాక గోదాము కాగితాన్ని వాళ్ళు వెనక్కి తీసుకున్నారు.

ఉత్తరం రాసిన ఆ మధ్యాహ్నమే తాయారు మొదటి ఏడాది పుస్తకం తెచ్చి తెరిచింది. ఏ గింజ ఏ చేలోది, ఆ ఏడు నీళ్ళు ఎంతవరకు వచ్చాయి, తనతో పనిచేసినవాళ్ళలో ఎవరెప్పుడు వెళ్ళిపోయారు, చెబుతూ పోయింది. గొంతు మెల్లగా సాఫయింది. మాష్టారు ఊ కొడుతూ వింటున్నారు. మురహరి గడియారం చూసుకుని, సంచి సర్ది లేచి నిలబడ్డాడు.

"మాష్టారూ, పని అయిపోయింది కదా. బయలుదేరదామా?"

మాష్టారు తల తిప్పలేదు.

"తెర పని అయిందయ్యా. కూర్చో."